ఆపరేషన్ తర్వాత కడుపులో పెద్ద హెమటోమా, "దానంతటదే కరుగుతుంది" అన్నారు, ఆగొచ్చా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. గర్భసంచి ఆపరేషన్ పొట్ట కోసే చేశారు, ఇప్పుడు మూడో వారం, ఇంటికొచ్చాక కింద బరువుగా ఉంది లాగుతోంది అని స్కాన్ తీయిస్తే లోపల 10×8×6 సెంటీమీటర్ల హెమటోమా (నాళం నుంచి ఊరి ఒకచోట చేరి గడ్డకట్టిన రక్తం) అని వచ్చింది, హిమోగ్లోబిన్ ఆపరేషన్ ముందు 11.2 ఉండేది ఇప్పుడు 8.4, సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతోంది, డాక్టరమ్మ దానంతటదే కరుగుతుంది రెండు వారాలాగి రండి అన్నారు, మీ అత్తగారేమో అంత రక్తం లోపల పెట్టుకుని కూర్చుంటారా వేరే ఆసుపత్రికి పోయి తీయించేద్దాం అంటున్నారు, మీ ఆయన కువైట్ నుంచి రోజూ వీడియో కాల్లో ఇంకా తగ్గలేదా అని అడుగుతున్నారు. నేను డాక్టర్ని కాదండీ, గైనిక్ వార్డులోనూ ఆ తర్వాత సర్జికల్ వార్డులోనూ స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఇలాంటివాళ్ళని చాలామందిని చూసుకున్నాను, ఆ అనుభవంతో చెప్తున్నాను, మీ రిపోర్టులు చేతిలో ఉన్న డాక్టర్ మాటే ఫైనల్.

ముందు అసలు ఆగమని ఎందుకన్నారో చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా అక్కడే ఉంది. ఆపరేషన్‌లో ఎన్ని రక్తనాళాలు కట్టినా, గర్భసంచి తీసేసిన చోట కుట్టు వేసిన యోని పైభాగంలో (దాన్నే వాల్ట్ అంటారు) సన్నగా ఊరడం ఉంటుంది, మత్తు దిగాక బీపీ మామూలుకొచ్చినప్పుడు అప్పటిదాకా మూసుకున్న చిన్న నాళం ఒకటి మళ్ళీ తెరుచుకోవచ్చు, లేదా పొట్ట కండరం వెనకాల నుంచి ఊరొచ్చు. అలా ఊరిన రక్తం లోపల చేరి గడ్డకడుతుంది. ఇది ప్రతిసారీ ఎవరో తప్పు చేస్తేనే వచ్చేది కాదు, బాగా చేసే చేతుల్లో కూడా అప్పుడప్పుడు వస్తుంది. చేరిన రక్తం చుట్టూ ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడే కారుతున్న నాళాన్ని నొక్కి మూసేస్తుంది. ఇప్పుడు మీ అత్తగారు అన్నట్టు హడావిడిగా తెరిచి గడ్డంతా తీసేశారనుకోండి, ఆ ఒత్తిడి పోతుంది, మానుతున్న నాళం మళ్ళీ కారొచ్చు, పైగా అప్పటిదాకా బయటి గాలి తగలని రక్తంలోకి క్రిములు దూరడానికి దారి ఇచ్చినట్టవుతుంది. పోనీ సూదేసి లాగేద్దామంటే కొత్తలో అది తోడుకున్న గట్టి పెరుగులా ఉంటుంది, సూదిలోంచి గానీ సన్న ట్యూబులోంచి గానీ రాదు. కొన్ని వారాలు పోతే లోపల మెల్లగా పలచబడి నీరౌతుంది, అప్పుడు అవసరమైతే తీయడం తేలిక. అందుకని పేషెంట్ నిలకడగా ఉండి, రక్తం ఇంకా కారట్లేదు, చీము పట్టలేదు అని నమ్మకం కుదిరితే ఆగడమే వైద్యం. కాకపోతే ఆగడం అంటే గాలికొదిలేయడం కాదు, రెండు వారాలు ఇంట్లో ఏం గమనించాలో మీకు చెప్పి పంపాల్సింది, మీ పోస్టు చూస్తే అది ఎవరూ చెప్పినట్టు లేదు, ఓపీలో అంత రష్‌లో చెప్పే తీరిక ఉండదులెండి.

లోపల రక్తం విషమైపోతుందనే మాట మీ అత్తగారే కాదు అందరూ అంటారు. మన ఒంట్లో చచ్చిపోయిన రక్తకణాల్ని తినే కణాలుంటాయి, రోజూ చేసే పనే అది, ఇక్కడ ఒకేచోట ఎక్కువ పని పడింది అంతే. అవి గడ్డని అంచుల నుంచి తింటూ వస్తాయి, అందులో ఉన్న ఐరన్‌లో చాలా భాగం తిరిగి ఒంటికే చేరుతుంది. అలా కరిగేటప్పుడు 99, 100 లోపు చిన్న వెచ్చదనం సాయంత్రాలు రావచ్చు, బాగా పెద్ద గడ్డయితే కళ్ళల్లో కాస్త పసుపు కూడా కనపడొచ్చు (అది కనపడితే డాక్టర్‌కి చూపించండి, సొంతంగా కామెర్లకి ఆకుమందు తాగేయకండి దయచేసి). ఇంకోటి, పొట్ట మీదో తొడల లోపలివైపో ఊదా రంగులో కమిలినట్టు కనపడి, వారానికి ఆకుపచ్చ, తర్వాత పసుపు అయ్యి పోతుంది, రక్తం కిందకి జారడం వల్ల ఆపరేషన్ చేసినచోటుకి బాగా దూరంగా కూడా కనపడుతుంది. అది చూసి భయపడిపోయి అర్ధరాత్రి వచ్చినవాళ్ళున్నారు మా వార్డుకి.

ఎన్నాళ్ళు అంటే, మీ సైజుకి వారాల లెక్క చాలదు, రెండు మూడు నెలలు అనుకోండి, కొందరికి ఇంకా ఎక్కువే. ఇక్కడ మీ ఆయనకి ఒకటి చెప్పండి, ఆయన రోజూ అడిగేది సెంటీమీటర్లు కదా, సెంటీమీటర్లు మోసం చేస్తాయి. పొడవు, వెడల్పు, లోతు మూడూ గుణించి దాదాపు సగానికి చేస్తే (0.52 తో గుణిస్తారు) మిల్లీలీటర్లు వస్తాయి. మీది 10×8×6 అంటే సుమారు 250 ఎంఎల్. వచ్చే స్కాన్‌లో 8×6.5×5 అని వచ్చిందనుకోండి, అబ్బా రెండు సెంటీమీటర్లేనా తగ్గింది అని ఏడుస్తారు, కానీ లెక్కేస్తే 135 ఎంఎల్, అంటే దాదాపు సగం పోయింది. కాబట్టి రిపోర్టులో మూడు కొలతలూ రాయమని అడగండి, కుదిరితే అదే సెంటర్లో అదే రేడియాలజిస్టు దగ్గర తీయించుకోండి, చేయి మారితే అల్ట్రాసౌండ్‌లో ఒక సెంటీమీటరు అటూఇటూ మామూలే. రోజు మార్చి రోజు స్కాన్ తీయించుకోవడం డబ్బు దండగ, మీ డాక్టర్ రెండు వారాలన్నారు, అది సరిపోతుంది, మధ్యలో ఏదైనా తేడా వస్తే తప్ప.

హిమోగ్లోబిన్ సంగతి. 11.2 నుంచి 8.4 అంటే దాదాపు మూడు గ్రాములు పడింది, 250 ఎంఎల్ గడ్డ ఒక్కటే దీనికి కారణం కాదు, ఆపరేషన్ టేబుల్ మీద పోయింది కూడా కలిపి. అసలు చూడాల్సింది 8.4 అన్న అంకె ఒక్కటే కాదు, అది నిలబడిందా ఇంకా దిగుతోందా అన్నది. మీరు రాసినదాంట్లో ఒక్క టెస్టే ఉంది. రెండు మూడు రోజుల్లో ఇంకోసారి సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాలు చూసే రక్తపరీక్ష) చేయించండి, చిన్న టెస్టు, 8.4 దగ్గరే ఉంటే లేదా కాస్త పెరిగితే రక్తం ఆగిపోయిందని ధైర్యం, 7.5కి దిగితే ఇక రెండు వారాలు ఆగే ప్రశ్నే లేదు, అదే రోజు వెళ్ళాలి. రక్తం ఎక్కించాలా అని అడిగారు, గుండె జబ్బు లాంటివి లేకుండా నిలకడగా ఉన్నవాళ్ళకి మామూలుగా 7 లోపు పడితేనే ఎక్కిస్తారు, గుండె జబ్బుంటే 8 దగ్గరే ఆలోచిస్తారు, ఆయాసం కళ్ళు తిరగడం ఉంటే అంకెతో పని లేకుండా డాక్టర్ నిర్ణయిస్తారు. మీకు ఐరన్ మాత్రలు రాసే ఉంటారు, కాఫీ టీలతో వేసుకోవద్దు, రెండింటికీ మధ్య గంటైనా ఉండాలి, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది, మోషన్ నల్లగా వస్తుంది, అది మాత్ర రంగు. రెండు మూడు వారాలకి ఒక గ్రాము పెరిగితే బాగా పెరుగుతున్నట్టే. మాత్ర పడకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది, అడగండి.

ఇప్పుడు ఇంట్లో ఏం చూసుకోవాలి. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. కరోనా టైంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఏ డ్రాయర్‌లోనో ఉండే ఉంటుంది, బయటికి తీయండి, అందులో ఆక్సిజన్ పక్కన ఇంకో అంకె ఉంటుందే అదే పల్స్. పొద్దున్న, సాయంత్రం, కదలకుండా పది నిమిషాలు కూర్చున్నాక పల్స్, టెంపరేచర్ రాయండి. లోపల రక్తం కారుతుంటే బీపీ పడిపోకముందే, హిమోగ్లోబిన్ రిపోర్టులో కనపడకముందే పల్స్ పెరుగుతుంది, వార్డులో మేం మొదట చూసేది అదే. కూర్చుని ఉన్నా 100 దాటి అలాగే ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. జ్వరం చూశాకే డోలో వేసుకోండి, ముందే వేసుకుంటే అసలు జ్వరం ఎంతో తెలీదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, ఆరు గంటలకోసారి మాత్ర వేసుకుంటూ నాకు జ్వరం లేదండీ అంటారు. మీరు రాత్రుళ్ళు చెమటలు పోస్తున్నాయి అని కూడా రాశారు, అండాశయాలు కూడా తీశారా? డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటుంది చూడండి. అవి తీసేస్తే కొద్ది రోజుల్లోనే ఒళ్ళు సెగలు, చెమటలు మొదలౌతాయి, దానికీ ఇన్ఫెక్షన్‌కీ సంబంధం లేదు. చెమట పట్టినప్పుడే లేచి థర్మామీటర్ పెట్టుకుంటే ఏది ఏదో తేలిపోతుంది.

ఆగకుండా వెళ్ళాల్సినవి చెప్తాను, ఇవి కాస్త గుర్తుపెట్టుకోండి. జ్వరం 100.4 దాటడం, మరీ ముఖ్యంగా చలితో వణుకుతో రావడం. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరగడం, సలుపు పెట్టడం. కింద నుంచి కంపు కొట్టే స్రావం. మాటిమాటికీ మోషన్‌కి వెళ్ళాలనిపించి జిగట మాత్రమే రావడం, దీన్ని విరేచనాలనుకుని మందులు వేసుకుంటారు, పెల్విస్‌లో (పొత్తికడుపు అడుగున) చీము చేరినప్పుడు ఇలాగే ఉంటుంది. ఇవన్నీ గడ్డలో ఇన్ఫెక్షన్ చేరిందేమో అని అనుమానించాల్సినవి. పొట్ట ఉబ్బి గట్టిపడటం, వాంతులు ఆగకపోవడం, మూత్రం రాకపోవడం, ఒకవైపు నడుము పక్కన పొడుస్తున్నట్టు నొప్పి (గడ్డ మూత్రనాళాన్ని నొక్కితే అలా వస్తుంది). కింద నుంచి నీళ్ళలా ఆగకుండా కారడం. ఒక కాలు పిక్క వాచి నొప్పి, లేదా ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు, ఇవైతే కాలి నరంలో రక్తం గడ్డకట్టడం తాలూకు లక్షణాలు, నిమిషం కూడా ఆగొద్దు. కళ్ళు తిరిగి పడిపోబోవడం, చల్లచెమటలు, పల్స్ బాగా పెరగడం, ఇక్కడ ఓపీ టైం దాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేసి ఆపరేషన్ థియేటరూ రక్తం దొరికే వసతీ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్ళాలి.

ఇంకో విషయం ముందే చెప్పి ఉంచుతాను, లేకపోతే హడలిపోతారు. వాల్ట్ దగ్గర చేరిన హెమటోమా కొన్నిసార్లు తనంతట తానే కుట్ల సందులోంచి దారి చేసుకుని కింద నుంచి బయటికి వస్తుంది. ముదురు గోధుమ రంగులో, నల్లగా, పాత పీరియడ్ రక్తంలాంటిదే కొన్ని రోజులు కొద్దికొద్దిగా పోతుంది, ఒక్కోసారి లేచి నిలబడగానే ఒక్కసారిగా కూడా వస్తుంది. ఆ తర్వాత బరువు తగ్గి ప్రాణం లేచొచ్చిందన్నవాళ్ళే ఎక్కువ. ప్యాడ్ పెట్టుకోండి, లోపల కడగడం గట్రా చేయొద్దు, డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. ఎర్రగా తాజా రక్తం, గంటకో ప్యాడ్ తడిసిపోయేలా వస్తే మాత్రం వెంటనే వెళ్ళాలి.

తీయాల్సి వస్తే మళ్ళీ పొట్ట కోస్తారా అన్నది మీ అసలు భయమని అర్థమైంది. చాలాసార్లు ఆ అవసరం రాదు. ఇన్ఫెక్షన్ వచ్చినా, నొప్పి భరించలేకుండా ఉన్నా, మూత్రనాళాన్నో పేగునో నొక్కుతున్నా అప్పుడు తీస్తారు. స్కాన్‌లో చూస్తూ చోటుకి మాత్రమే మత్తిచ్చి పిగ్‌టెయిల్ అని సన్నటి ట్యూబు వేసి సంచికి కలుపుతారు, కొన్ని రోజులు ఉంచి తీసేస్తారు, లేదా వాల్ట్ దగ్గరే ఉంటే థియేటర్లో కింద నుంచే దారి తెరిచి పోనిస్తారు, తోడుగా యాంటీబయాటిక్స్. రక్తం ఇంకా కారుతోందని అనుమానం వస్తే కాంట్రాస్ట్ (నాళాలు స్కాన్‌లో కనపడేలా చేసే మందు) ఎక్కించి సీటీ తీస్తారు, కారే నాళం కనపడితే తొడ దగ్గరి నుంచి వైరు పంపి దాన్ని మూసే పద్ధతి పెద్ద ఊళ్ళలో ఉంది, ఎంబొలైజేషన్ అంటారు. పరిస్థితి చేయిదాటుతున్నప్పుడే మళ్ళీ పొట్ట తెరుస్తారు.

మందుల దగ్గర జాగ్రత్త. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబడే మందులు ఇదివరకే ఏమైనా వాడుతున్నారా? వాడుతుంటే డాక్టర్‌కి తెలుసో లేదో కనుక్కోండి, సొంతంగా ఆపొద్దు సొంతంగా కొనసాగించొద్దు, స్టెంటు ఉన్నవాళ్ళు ఆపితే అది ఇంకో ప్రమాదం. నొప్పికి పారాసెటమాల్ సరిపోతే అదే మంచిది, మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో చేతిలో పెడతారు, అవి ప్లేట్‌లెట్ల పని తగ్గిస్తాయి, మీ డాక్టర్ రాస్తే తప్ప వద్దు. వాపు తగ్గించే ఎంజైమ్ మాత్రలు రాసుంటే వాడుకోండి గానీ వాటితో పది సెంటీమీటర్ల గడ్డ కరిగిపోతుందని ఆశ పెట్టుకోకండి. కమిలిన దెబ్బలకి రాసే హెపారిన్ ఆయింట్‌మెంట్ పొట్ట మీద రాస్తే లోపలిదాకా పోదు. ఆముదం పెట్టి మర్దనా చేయించడం అస్సలు వద్దు. కాపడం కూడా వద్దు, కోత చుట్టుపక్కల చర్మం కొన్ని నెలలు మొద్దుబారి ఉంటుంది, వేడినీళ్ళ బ్యాగ్ పెట్టుకుని బొబ్బలెక్కినా తెలీదు.

ఇక పథ్యం. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్ ఎంత మామూలైపోయిందంటే 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని చూస్తే దేశం మొత్తం మీద వందకి ముగ్గురు చేయించుకుని ఉంటే ఆంధ్రాలో దాదాపు తొమ్మిదిమంది, అందుకే మన వీధికి పదిమంది సలహాదారులు. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే కుట్లు పాడౌతాయి, పెరుగు తింటే వాతం అని కారప్పొడి అన్నం పెట్టి కూర్చోబెడతారు. మూడు గ్రాముల హిమోగ్లోబిన్ పోయిన మనిషికి అది శిక్ష. పప్పు, గుడ్డు, తినేవాళ్ళయితే చికెన్, చేపలు, వారానికోసారి లివర్, తోటకూర, పెరుగు, అన్నీ తినండి. చీము పట్టేది క్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. నీళ్ళు బాగా తాగండి, ఐరన్ మాత్రతో మలబద్ధకం వస్తుంది, గడ్డ వెనకాల పేగుని నొక్కడం వల్ల ఇంకా కష్టమౌతుంది, ముక్కకూడదు, ఇసబ్‌గోల్ గానీ లాక్టులోజ్ సిరప్ గానీ అడిగి తెచ్చుకోండి.

పడుకుని ఉండిపోవద్దు. ఇంట్లోనే కాసేపు కాసేపు రోజుకి నాలుగైదుసార్లు నడవండి, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండేది నడకవల్లే. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకి తిరిగి మోచేతి మీద ఆని లేవండి, దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకోండి. బిందె, తడిబట్టల బకెట్, సిలిండర్, చంటిపిల్లల్ని ఎత్తడం ఇవేవీ వద్దు, మామూలుగా ఆరు వారాలంటారు, మీకు హెమటోమా ఉంది కాబట్టి స్కాన్ చూసి డాక్టర్ చెప్పేదాకా. బాత్రూం ఇండియన్ టైప్ అయితే కమోడ్ కుర్చీ అద్దెకి దొరుకుతుంది. పొట్ట బెల్టు హాయిగా ఉంటే నడిచేటప్పుడు కట్టుకోండి, బిగించి కట్టుకున్నంత మాత్రాన గడ్డ కరిగిపోదు. మీ ఆయన సెలవు మీద వస్తున్నారని రాశారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా, డాక్టర్ లోపల పరీక్ష చేసి వాల్ట్ మానింది అనేదాకా కలవకూడదు, ఇది ఆయనకి కూడా ఇప్పుడే చెప్పేయండి.

మనసు సంగతి కూడా రాశారు, ఏడుపొస్తోంది, నిద్ర లేదు, లోపల ఉన్నది క్యాన్సరేమో అనిపిస్తోంది అని. రక్తం తక్కువుంటే నీరసం, దడ, చిరాకు ఉంటాయి, అండాశయాలు తీసుంటే ఇంకా ఎక్కువ, ఇది మీ బలహీనత కాదు. పడుకునే ముందు రిపోర్టు తీసి చదవడం మానేయండి, నోట్‌బుక్‌లో రాసిన అంకెలు చూసుకోండి, వారం రోజుల పల్స్ ఎనభైల్లో, జ్వరం 99 లోపు కనపడితే అంతకంటే మంచి ధైర్యం నేనిచ్చేది లేదు. క్యాన్సర్ భయానికి మందు బయాప్సీ రిపోర్టు, తీసేసిన గర్భసంచిని ల్యాబ్‌కి పంపుతారు, ఆ రిపోర్టు తెచ్చుకున్నారా? చాలామంది డిశ్చార్జ్ అయ్యాక దాని సంగతే మర్చిపోతారు. ఈసారి వెళ్ళినప్పుడు అడిగి తీసుకోండి.

వేరే డాక్టర్ని కలవడం తప్పేం కాదు, గొడవపడి కాకుండా డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ కాపీ, స్కాన్ ఫిల్ములు పట్టుకుని వెళ్ళండి. అయితే లోపల ఏ నాళం ఎలా ఉందో కళ్ళతో చూసింది మీకు ఆపరేషన్ చేసినవాళ్ళే, కాబట్టి ముందు ఆవిడనే అడగండి: గడ్డ సరిగ్గా ఎక్కడుంది, కిడ్నీల మీద ఒత్తిడి ఉందా, రక్తం గడ్డకట్టే టెస్టులు చేశారా, ఏ పరిస్థితిలో తీస్తారు, రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి. ఆరోగ్యశ్రీలో చేయించుకుని ఉంటే మళ్ళీ అడ్మిట్ కావాల్సి వస్తే ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ముందే కనుక్కోండి, అర్ధరాత్రి క్యాష్ కౌంటర్ దగ్గర వాదించే పని తప్పుతుంది.

చివర్లో మేనకోడలి పెళ్ళికి వచ్చే నెల భీమవరం వెళ్ళొచ్చా అని అడిగారు. రెండో స్కాన్‌లో తగ్గి, హిమోగ్లోబిన్ పెరుగుతూ, జ్వరం లేకుండా ఉంటే డాక్టర్‌ని అడిగి కారులో వెళ్ళండి, బస్సు వద్దు, బండి మీద అసలే వద్దు. గంటకోసారి కారు ఆపి దిగి నాలుగడుగులు వేయండి, సీటు బెల్టు పొట్ట కింద తుంటి మీదుగా వచ్చేలా పెట్టుకోండి, ఫైలు వెంట ఉంచుకోండి. ముహూర్తం అర్ధరాత్రయితే సాయంత్రమే అక్షింతలు వేసే వీలుందేమో అడిగి వచ్చి పడుకోండి, వంటింటి వైపు మాత్రం వెళ్ళకండి, వెళితే ఎవరో ఒకరు గంగాళం పట్టమంటారు.